పెడల్ గట్టిపడితే కారు ముందే ఆగుతుందా?

ప్రశ్న: రెండేళ్ల కిందట 2011 మోడల్ నిస్సాన్ 370జడ్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రోజూ నడపను. ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక రౌండు, నెలకోసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల దాకా, అంతే. ఈ మధ్య బ్రేక్ పెడల్ మెత్తగా, స్పాంజి తొక్కినట్టు అనిపిస్తోంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రేక్ లైన్లు వేయించు, కారు తొక్కినచోటే ఆగుతుందని ఫ్రెండ్స్ ఒకటే పోరు. ఆన్‌లైన్‌లో ఒక సెట్టు ఎనిమిది వేలకు ఉంది, ఇంకొకటి ముప్ఫై వేలకు ఉంది. రాణిగంజ్‌లో హైడ్రాలిక్ పైపులు చేసే ఒకాయన పాత పైపు తెస్తే కొలత చూసి నాలుగు వేలకే చేసిస్తానన్నాడు. నిజంగా తేడా ఉంటుందా? ఉంటే ఏది తీసుకోమంటారు?
(పేరు రాయొద్దన్న పాఠకుడు, కొంపల్లి)

జవాబు: ముందు ఆ 'తొక్కినచోటే ఆగుతుంది' సంగతి తేల్చేద్దాం. ఆగదు. బ్రేకులు చక్రాన్ని ఆపుతాయి, కారును ఆపేది మాత్రం రోడ్డు మీద టైరుకున్న పట్టు. గట్టిగా తొక్కినప్పుడు కాలి కింద పెడల్ గడగడమని కొట్టిందంటే ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పని మొదలుపెట్టినట్టు. అంటే టైరు పట్టు అక్కడికి అయిపోయింది, బ్రేకుల్లో ఇంకా బలం మిగిలే ఉంది. కంపెనీ ఇచ్చిన రబ్బరు హోసులతోనే (చక్రం దగ్గర వంగే బ్రేకు పైపులు) అక్కడిదాకా వెళ్తున్న కారుకు స్టీల్ హోసులు వేసి తగ్గించే దూరం ఏమీ ఉండదు. దూరం తగ్గాలంటే ఆ డబ్బు టైర్లకు పెట్టండి. మీ టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఎప్పుడో ఒకసారి బయటికి తీసే స్పోర్ట్స్ కార్లకు టైర్లు అరగవు, గట్టిపడిపోతాయి. డిజైను లోతు చూసి కొత్తవే అనుకుంటాం.

మరి స్టీల్ లైన్లు దేనికి? మీ కాలికి. అది చిన్న విషయమని నేననను. అనంతగిరి మలుపుల్లో ఎంత తొక్కితే ఎంత పడుతోందో కాలికి తెలియడం కోసమే కదా అలాంటి కారు కొన్నది. కానీ ఇప్పుడు మీ పెడల్ మెత్తబడటానికి కారణం హోసేనని ఎవరు తేల్చారు? బండిని ఎవరూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా రాయలేదు. మార్చలేదనే అనుకుంటున్నాను.

ఒక పని చేయండి. పొద్దున కారు చల్లగా ఉన్నప్పుడు, కదలకుండా నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్‌ను రెండుమూడుసార్లు వెంటవెంటనే తొక్కండి. తొక్కినకొద్దీ పైకి లేచి గట్టిపడితే లైన్లో ఎక్కడో గాలి ఉంది. ఒకేలా నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందా? అప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది) సీళ్లు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. ఆ కారును ఇంటి దగ్గరే ఉంచండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, గుట్ట దిగాకే మెత్తబడుతోందంటే అది ఆయిల్ మరగడం. ఈ మూడింటిలో ఏదీ కాక, ఎప్పుడూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే, అప్పుడు హోసుల మాట మాట్లాడుకుందాం.

నా పందెం ఆయిల్ మీదే. బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. మూత పెట్టి ఉన్నా, హోసు రబ్బరులోంచి కూడా, గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండేవి అమెరికా రవాణా శాఖ పెట్టిన రకాలు. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్లు చేరాక ప్రమాణం ప్రకారమే ఆ అంకె 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మన ఊళ్లో మూడు నాలుగు నెలలు వానలు, పైగా కారు వారమంతా సెల్లార్లో కవరు కింద. నడవని కారుకు ఆయిల్ పాడవదనుకోవడం పొరపాటు, దానికి కిలోమీటర్లతో పనిలేదు. గుట్ట దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే కాలిపర్ (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) దగ్గర ఆ నీళ్లు ఆవిరవుతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అదే మీ స్పాంజి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, దిగేటప్పుడు గేరు తగ్గించి దిగండి.

ఇప్పుడు హోసుల దగ్గరికి. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా ఆయిల్ చాలా దూరం ఇనుప పైపులోనే వస్తుంది. చక్రం పైకీ కిందికీ ఆడుతుంది, ముందు చక్రాలైతే పక్కకీ తిరుగుతాయి. అందుకని చివరి మూరెడు వంగే పైపు పెడతారు. లోపల రబ్బరు, మధ్యలో దారపు అల్లిక, పైన మళ్లీ రబ్బరు. గట్టిగా తొక్కితే అది వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఉబ్బినచోట నిలిచిన ఆయిల్ కాలిపర్‌కి చేరదు, ఆ మేరకు మీ కాలు కిందికి దిగుతుంది.

ఎంత దిగుతుందో లెక్క వేద్దాం. అమెరికాలో బ్రేక్ హోసులకు ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 అనే ప్రమాణం ఉంది. లోపలి రంధ్రం అంగుళంలో ఎనిమిదో వంతు ఉన్న హోసు, 1000 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర, అడుగుకు 0.66 సీసీకి మించి ఉబ్బకూడదని అందులో ఉంది. తక్కువ ఉబ్బే రకమని రాసి అమ్మాలంటే 0.33 దాటకూడదు. మూరెడు హోసు ఆ మొదటి పరిమితి దాకా ఉబ్బితే సుమారు ఒక సీసీ. అంగుళం వ్యాసమున్న మాస్టర్ సిలిండర్‌లో ఒక సీసీ అంటే పిస్టన్ 2 మిల్లీమీటర్లు జరగడం. పెడల్ లీవరు నాలుగు రెట్లనుకుంటే ఒక్కో హోసుకు కాలి కింద 8 మిల్లీమీటర్లు. అదీ గరిష్ఠ పరిమితి లెక్కల్లో. కొత్త కంపెనీ హోసు అంత ఉబ్బదు. కాబట్టి కొత్త రబ్బరుకూ స్టీల్‌కూ మధ్య తేడా కొద్ది మిల్లీమీటర్లే. మరి వేయించుకున్నవాళ్లంతా కారే మారిపోయిందంటారేం? హోసులు మార్చాలంటే పాత ఆయిల్ తీసేయాలి, కొత్తది నింపాలి, గాలంతా తీయాలి. ఏళ్ల నాటి రబ్బరూ, ఏళ్ల నాటి ఆయిలూ, లోపలి గాలీ ఒకే రోజు పోయాయి. పేరు మాత్రం తళతళలాడే పైపుకొచ్చింది. నా గ్యారేజీలో ముందు ఆయిల్ మార్చి, పది రోజులు నడిపి రమ్మని పంపినవాళ్లలో సగం మంది మళ్లీ హోసుల మాట ఎత్తలేదు. వ్యాపారానికి మంచిది కాదనుకోండి.

అయినా మీ కారు 2011ది. హోసులూ అప్పటివే అయితే మెత్తదనం ఉన్నా లేకపోయినా మార్చాల్సిందే. ఎలాగూ మార్చాలి కాబట్టి స్టీల్ అయితే ఏం అన్న ప్రశ్న ఇక్కడ సరైనది.

స్టీల్ అని పిలుస్తాం కానీ ఆయిల్‌ని పట్టి ఉంచేది స్టీల్ కాదు. లోపలి గొట్టం టెఫ్లాన్, దోసె పెనం మీద పూసేదే. దాని మీద అల్లిన స్టెయిన్‌లెస్ తీగలు గొట్టాన్ని ఉబ్బనివ్వవు. ఇందులో ఒక చిక్కుంది. రబ్బరు హోసు ముసలిదైతే పైన పగుళ్లు వస్తాయి, బుడిపె కడుతుంది, చెమ్మ కనిపిస్తుంది. మా ఉస్తాద్ హోసును రెండు వేళ్లతో మడిచి, టార్చి వేసి, పగులు లోపల దారం కనిపిస్తోందా అని చూసేవాడు. స్టీల్ అల్లిక కింద టెఫ్లాన్ ఎలా ఉందో ఏ ఉస్తాదూ చూడలేడు. పైగా వానాకాలం అండర్‌పాస్ నీళ్లలో దిగి వచ్చారనుకోండి, బురద అల్లిక సందుల్లో చేరుతుంది. ఎండాక ఇసుక మిగులుతుంది. చక్రం ఆడినప్పుడల్లా ఆ ఇసుక తీగకూ టెఫ్లాన్‌కూ మధ్య గరుకు కాగితంలా రాస్తూ ఉంటుంది. అందుకే రోడ్డు మీద తిరిగే కారుకు అల్లిక బయటికి కనిపించే రకం తీసుకోవద్దు. అల్లిక మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే తీసుకోండి. పారదర్శకమైనది ఉంటే మరీ మంచిది, కింద తీగ తెగినా తుప్పు మరక పట్టినా కనిపిస్తుంది. నీలం, ఎరుపు మీ ఇష్టం.

గుడ్‌రిడ్జ్, హెల్, స్టాప్‌టెక్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. పేరు కంటే నేను ముందు చూసేది చివర్లు. పైపుకు ఫిట్టింగును మెషీన్లో నొక్కి శాశ్వతంగా బిగించి ఉండాలి. పానా పెట్టి విప్పి మళ్లీ బిగించుకునే రకం రేసు కార్ల పిట్లలో పనికొస్తుంది, మనకొద్దు. పైపు ఫిట్టింగులోకి దూరేచోట చిన్న రబ్బరో ప్లాస్టికో కాలరు ఉండాలి. హోసు ఎప్పుడూ అక్కడే వంగుతుంది, అక్కడే అలిసిపోతుంది. హోసు మీద డాట్ ముద్ర, తయారీదారు గుర్తు, తేదీ ఉన్నాయేమో చూడండి. ఆ 106 ప్రమాణంలో హోసును 4000 పీఎస్‌ఐ దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచే పరీక్ష, 35 గంటలు ఆపకుండా ఊపే పరీక్ష కూడా ఉన్నాయి. మనల్ని కాపాడేది ఆ ఊపే పరీక్షే, ఎందుకంటే మామూలుగా హోసు ఒత్తిడికి పగలదు, ఊగి ఊగి తెగుతుంది. ఎనిమిది వేల సెట్టు మీద ఈ ముద్రలు లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి. ముప్ఫై వేలదైనా అంతే.

ఆర్డరు పెట్టేముందు కారు కింద దూరి హోసులు లెక్కపెట్టండి. కొన్ని కార్లకు నాలుగే ఉంటాయి, కొన్నింటికి వెనక ఇంకో రెండు దాక్కుని ఉంటాయి. 370జడ్‌లో రెండు రకాల బ్రేకులొచ్చాయి. ముందు నాలుగు పిస్టన్ల అకెబోనో కాలిపర్లున్నది ఒకటి, మామూలుది ఒకటి. మీది ఏదో అమ్మేవాడికి చెప్పండి. మరలు సరిపడకపోయినా 'కొంచెం బిగిస్తే ఎక్కేస్తుంది' అనే పిల్లవాడి చేతికి మాత్రం పానా ఇవ్వకండి.

రాణిగంజ్ మీద నాకు చిన్నచూపేమీ లేదు. జేసీబీకో లారీ టిప్పర్‌కో హైడ్రాలిక్ హోసు కావాలంటే అరగంటలో నొక్కి చేతిలో పెడతారు, ఏళ్ల తరబడి ఆడుతుంది. కానీ ఆ హోసు పుట్టింది మినరల్ ఆయిల్ కోసం. లోపల సాధారణంగా నైట్రైల్ రబ్బరు ఉంటుంది. బ్రేక్ ఆయిల్ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. బ్రేక్ హోసుల్లో వాడేది ఈపీడీఎం రబ్బరు, దానికి మినరల్ ఆయిల్ పడదు. ఒకదానికి పథ్యం ఇంకొకదానికి విషం. ఆయన టెఫ్లాన్ పైపే వాడతానన్నా, నొక్కిన ప్రతి చివరనూ పరీక్షించిన కాగితం ఇస్తాడా అని అడగండి. నాలుగు వేలు మిగిలిన సంతోషం అక్కడే తేలిపోతుంది.

బిగించడంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట. ముషీరాబాద్‌లో మా గ్యారేజీకి ఒక కుర్రాడు పాత హోండా సిటీ వీటెక్ తెచ్చాడు. నీలం తొడుగున్న స్టీల్ లైన్లు విదేశం నుంచి అన్నయ్యతో తెప్పించుకున్నాడు. స్వయంగా నేనే బిగించాను. జాకీల మీద ముందు చక్రాలు వేలాడుతుండగా స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. ఎయిర్ తీశాం, పెడల్ రాయిలా ఉంది, కుర్రాడు చాయ్ తాగించి వెళ్లాడు.

ఇరవై రోజుల తర్వాత ఇంకో పని మీద వచ్చాడు. కుడి ముందు చక్రం విప్పితే రిమ్ము లోపలివైపు చుట్టూరా, గాజు తొడిగినట్టు, సన్నగా మెరిసే గీత. హోసు మీద చెయ్యి వేస్తే నా బొటనవేల్లో ఏదో గుచ్చుకుంది. నీలం తొడుగు గోరంత మేర చీరుకుపోయి, అల్లిక తీగలు తెగి కొబ్బరి పీచులా లేచి ఉన్నాయి. అల్యూమినియం రిమ్మునే గీకేసిందంటే చూడండి, స్టీల్ అల్లిక ఆకురాయితో సమానం. పక్కన ఏబీఎస్ వైరు ఉంటే అది దానికి ఏం లెక్క?

తప్పేమిటంటే, చక్రం వేలాడుతున్నప్పుడు హోసు సాగి ఉంటుంది. కారు దించాక, స్పీడ్ బ్రేకర్ మీద చక్రం పైకెక్కినప్పుడు అదే హోసు వదులై విల్లులా బయటికి వంగుతుంది. నేను మొదటిదే చూశాను, రెండోది చూడలేదు. పైగా కాలిపర్ దగ్గర ఫిట్టింగ్ బోల్టు బిగించేటప్పుడు అది వేలెడు పక్కకు తిరిగింది, అదీ గమనించలేదు. డబ్బులు తీసుకోకుండా కొత్త హోసు వేసిచ్చాను. ఆ కుర్రాడు ఇప్పటికీ మా దగ్గరికే వస్తాడు కానీ, బండి తీసుకెళ్లేముందు తనే ఒకసారి కిందికి వంగి చూస్తాడు.

అప్పటినుంచి మేము చేసేది ఇదీ. హోసు పొడవునా మార్కర్‌తో ఒక గీత గీసి బిగిస్తాం. గీత మెలి తిరిగితే పైపు మెలి తిరిగినట్టే. రబ్బరు హోసుల మీద ఎదురెదురుగా రెండు గీతలు వేసేదీ ఇందుకే. తర్వాత రిమ్ము లోపలి అంచుకు సుద్దముక్క దండిగా రుద్దుతాం. చక్రాలు వేలాడుతుండగా ఒకసారి, కారు బరువు చక్రాల మీద ఉండగా ఇంకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూస్తాం. ఆ మీద మా వీధి స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి తెచ్చి హోసు మీద సుద్ద అంటిందా అని చూస్తాం. మీ మెకానిక్ నవ్వినా సరే, ఇది చేయించండి.

విప్పేటప్పుడు ఇనుప పైపు నట్టుకు నోరు తెరిచి ఉండే మామూలు పానా పెడితే అంచులు గుండ్రమైపోతాయి. ఆ నట్టు చెడితే హోసు పని కాస్తా ఇనుప పైపు మార్చే పనవుతుంది. నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా వాడమనండి, ముందురోజే తుప్పు నూనె కొట్టి ఉంచమనండి. రాగి వాషర్లు కొత్తవే, పాతవి తిరగేసి వేయకూడదు. ట్యాంకులో ఆయిల్ ఒక్కసారి కూడా అడుగంటకూడదు. అడుగంటితే ఏబీఎస్ యూనిట్లోకి గాలి వెళ్తుంది, దాన్ని తీయడానికి స్కానర్ కావాల్సి రావచ్చు. మేము హోసు విప్పేముందు పెడల్‌ను కొంచెం కిందికి నొక్కి, సీటుకు కర్ర అడ్డం పెట్టి ఉంచుతాం. మాస్టర్ సిలిండర్‌లో దారి మూసుకుని ఆయిల్ బొట్టుబొట్టుగా కారిపోదు. ఎయిర్ తీసేటప్పుడు సాధారణంగా దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతాం. మీ కారు మాన్యువల్ వేరే వరస చెబితే మాన్యువల్ మాటే ఖాయం. ఫెండర్ మీద గుడ్డ పరవమనండి. ఒక చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

నేనైతే ఏం చేస్తానంటారా? ఈ వారమే డాట్ 4 పోయించి ఎయిర్ తీయిస్తాను. కంపెనీ రబ్బరు హోసులు నెలలోపు దొరికితే అవే వేస్తాను, ఇంకో పదేళ్లు మరచిపోవచ్చు. దొరకకపోతే, లేదా ఆ గట్టి పెడల్ మీద మీకు మనసుంటే, తొడుగున్న ముద్రల సెట్టు తెప్పించుకోండి. తప్పేమీ లేదు. అప్పుడు ప్రతి సర్వీసుకూ, వానాకాలం పోయాక ఒకసారీ, చక్రాలు విప్పించి హోసు పొడవునా గుడ్డ చుట్టి లాగి చూడాలి. గుడ్డ పోగు తీగకు చిక్కుకుందంటే ఆ హోసు పని అయిపోయినట్టే.

అన్నట్టు, ఓఆర్‌ఆర్ మీద వేగంగా వెళ్లే లేన్లలో కూడా పరిమితి 120. ఊరికే గుర్తుచేశాను.

ప్రశ్న: స్టీల్ లైన్లు వేసినప్పుడు డాట్ 5 పోయిస్తే ఇంకా మంచిదని చదివాను. 5.1 కూడా అదేనా?
(ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: కాదు. డాట్ 5 సిలికాన్, డాట్ 5.1 గ్లైకాల్. అంకెలు అన్నదమ్ముల్లా ఉన్నా ఒకదాంతో ఒకటి కలవవు. సిలికాన్ ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదు, సన్నటి గాలి బుడగలు పట్టుకుని వదలదు. 5.1 పోసుకోవచ్చు, కొత్తగా ఉన్నప్పుడు 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మన రోడ్లకు డాట్ 4 చాలు.

ప్రశ్న: మాది 2012 వ్యాగనార్. బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది, కాలు తీశాక కాసేపు కుడికి లాగుతోంది. కుడి ముందు చక్రం వేడిగా ఉంటోంది. కాలిపర్ మార్చాలంటున్నారు. మా అబ్బాయేమో స్టీల్ పైపులు వేయిద్దామంటున్నాడు.
(రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి)

జవాబు: మేడమ్, మీరు ఎంత చక్కగా గమనించారంటే సగం పని మీరే చేసేశారు. కుడి హోసు లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయి ఉండాలి. తొక్కినప్పుడు అటువైపు ఒత్తిడి ఆలస్యంగా చేరుతుంది, ఎడమ ముందే పడుతుంది. కాలు తీశాక కుడివైపు ఆయిల్ వెనక్కి రాలేక ఆ చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. కాలిపర్ మార్చేముందు ఒక పరీక్ష చేయమనండి. కుడి చక్రం పట్టేసి ఉన్నప్పుడు హోసు పైచివర, ఇనుప పైపు కలిసేచోట కొంచెం వదులు చేయాలి. చక్రం అప్పటికీ తిరగకపోతే, కాలిపర్ మీదున్న ఎయిర్ స్క్రూ వదులు చేయాలి. అప్పుడు చటుక్కున తిరిగిందంటే దోషం హోసుదే. అప్పటికీ తిరగకపోతేనే కాలిపర్.

మీ బండికి స్టీల్ అక్కర్లేదని అబ్బాయికి చెప్పండి. కంపెనీ రబ్బరు హోసులు ముందువి రెండూ ఒకేసారి మార్పించండి, ఆయిల్ కూడా. పాత హోసు పారేయనివ్వకండి. మధ్యలోకి కోయించి రంధ్రంలో అగ్గిపుల్ల దూరుతుందేమో చూడండి, ఒక ఫొటో తీసి పత్రికకు పంపండి.